పది శాతం కోత కిందికి వచ్చేసరికి ఎంతవుతుంది?

ప్రశ్న ఇది: సైన్సుకు, చదువుకు ప్రభుత్వం ఇచ్చే డబ్బులో 10 శాతం తగ్గిస్తే పని కూడా 10 శాతమే తగ్గాలి కదా, మరి ల్యాబులు మూతపడతాయని, ఒక తరం పోతుందని అంత గగ్గోలు ఎందుకు? ఎక్కడో దుబారా ఉండే ఉంటుంది, అది మానుకుంటే సరిపోదా?

దుబారా ఉంటుంది, కాదనను. కానీ కోత వెతుక్కుంటూ పోయి దుబారా మీద పడదు. ఇంకా ఎవరికీ మాటివ్వని డబ్బు ఎక్కడుంటే అక్కడ పడుతుంది. అలాంటి డబ్బు అంటే కొత్త గ్రాంట్లు, కొత్త నియామకాలు, మరమ్మతులు. ఈ సంగతి పట్టుకుంటే మిగతాదంతా కూడికలు, తీసివేతలే.

నిధులిచ్చే సంస్థ ఏడాది బడ్జెట్ 100 అనుకోండి. గ్రాంటు ఒకసారి ఇస్తే నాలుగైదేళ్లు నడుస్తుంది, ఏటా ఒక వాయిదా చెల్లిస్తారు. అందుకే ఏ ఏడాది పద్దు తీసి చూసినా 100లో 75 నుంచి 80 దాకా పాత గ్రాంట్ల వాయిదాలకే పోతుంది. కొత్తవాళ్లకు మిగిలేది 20. ఇప్పుడు బడ్జెట్ 90కి దిగింది. పాత వాయిదాలు ఆపితే సగంలో ఉన్న పని పాడవుతుంది కాబట్టి 80 కదలదు. కొత్తవాళ్లకు 10 మిగిలింది. పైన 10 శాతం అన్నది ఇక్కడికి వచ్చేసరికి 50 శాతం. నిన్నటిదాకా ఐదు దరఖాస్తుల్లో ఒకటి నెగ్గేది, ఇప్పుడు పదిలో ఒకటి. నెగ్గనివాళ్లు ఊరుకోరు, ఏడాదికి ఒకటి పంపేవాళ్లు మూడు పంపుతారు. దరఖాస్తులు పెరిగి, నెగ్గే అవకాశం ఇంకా పడిపోతుంది.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే అనుకోవద్దు. 2013 మార్చిలో అమెరికాలో దాదాపు అన్ని శాఖలకూ ఒకేసారి కోత పెట్టినప్పుడు వైద్య పరిశోధనకు నిధులిచ్చే అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్‌కు తగ్గింది 5 శాతమే, 155 కోట్ల డాలర్లు. ఆ ఏడాది పోటీలో ఇచ్చే గ్రాంట్లు సుమారు 700 తగ్గాయి. దరఖాస్తుల్లో నెగ్గినవి 17 శాతానికి దిగువన ఆగాయి.

బడ్జెట్ పైసా తగ్గకుండా కూడా ఇదే పని జరగొచ్చు. నాలుగేళ్ల గ్రాంటు డబ్బు మొత్తాన్ని మొదటి ఏడాది పద్దులోనే రాయాలని నియమం మార్చారనుకోండి. కొత్తవాటికి ఉన్న అదే 20లో నిన్నటిదాకా 20 గ్రాంట్ల మొదటి వాయిదాలు ఇమిడేవి, ఇప్పుడు 5 గ్రాంట్లే ఇముడుతాయి. 2025లో ఎన్‌ఐహెచ్ తన కొత్త గ్రాంట్లలో కొంత భాగాన్ని ఈ పద్ధతికి మార్చింది. "బడ్జెట్ తగ్గలేదు కదా" అనే మాట విన్నప్పుడు ముందుగా అడగాల్సింది గ్రాంట్ల సంఖ్య.

నెగ్గే రేటు పడిపోతే దరఖాస్తులను పరిశీలించి ఎంచే రివ్యూ ప్యానెల్ పని తీరు కూడా మారిపోతుంది. వంద దరఖాస్తుల్లో బాగున్న పాతికనూ, బాగాలేని యాభైనీ ప్యానెల్ నమ్మకంగా వేరు చేయగలదు. ఆ పాతికలో ఏ ఎనిమిది గొప్పవో చెప్పమంటే లాటరీకి దగ్గరగా ఉంటుంది. అప్పుడు ఒక్క సభ్యుడి పెదవి విరుపు చాలు, దరఖాస్తు బయటికి పోవడానికి. అందరికీ ఓ మోస్తరుగా నచ్చే, ఫలితం ముందే సగం తెలిసిన ప్రతిపాదనలు నెగ్గుతాయి. కొందరికి చాలా నచ్చి ఒకరికి నచ్చనివి పోతాయి. రాసేవాళ్లు అది గమనించి, సగం పని ముందే చేసేసి ఆ ఫలితాలనే "ప్రాథమిక సమాచారం" పేరుతో చూపిస్తారు. ఆ ముందు పనికి డబ్బు ఉండేది ఇప్పటికే స్థిరపడ్డవాళ్ల దగ్గర. కొత్త అధ్యాపకుడు మొదటి మెట్టు మీదే ఆగిపోతాడు.

ఇక ద్రవ్యోల్బణం. బడ్జెట్ పెంచకుండా అలాగే ఉంచడం కూడా కోతే, పేరు మాత్రమే వేరు. ధరలు ఏటా 3 శాతం పెరుగుతుంటే పదేళ్లు మారని బడ్జెట్ విలువలో నాలుగో వంతు పోయినట్టే. ఎన్‌ఐహెచ్ బడ్జెట్‌ను 1998 నుంచి 2003 దాకా ఐదేళ్లలో దాదాపు 1,360 కోట్ల డాలర్ల నుంచి 2,700 కోట్లకు రెట్టింపు చేశారు. యూనివర్సిటీలు అప్పు చేసి భవనాలు కట్టాయి, ల్యాబులు పీహెచ్‌డీ విద్యార్థులను భారీగా తీసుకున్నాయి. 2003 తర్వాత పెరుగుదల ఆగింది. పెరిగే బడ్జెట్‌లో చేరిన విద్యార్థులు ఆగిన బడ్జెట్‌లో ఉద్యోగాల కోసం వచ్చారు. 30 శాతం చుట్టూ ఉన్న నెగ్గే రేటు పదేళ్లలో 20కి దిగువకు వచ్చింది. ఒక్కసారిగా కుమ్మరించి ఆపేసేకంటే ఏటా ద్రవ్యోల్బణం కంటే ఒకటి రెండు శాతం ఎక్కువగా పెంచుకుంటూ పోవడం మేలు. ఖజానావాళ్లకు ఇది రుచించదు, ప్రకటనకు పనికిరాదు కాబట్టి.

దుబారా అనగానే అందరూ చూపించేది ఓవర్‌హెడ్, అంటే భవనాలు, పరిపాలన వంటి ఉమ్మడి ఖర్చులకు గ్రాంటుతో పాటు యూనివర్సిటీకి ఇచ్చే డబ్బు. దీన్ని చాలామంది తప్పుగా చదువుతారు. ఓవర్‌హెడ్ రేటు 50 శాతం అంటే గ్రాంటులో సగం యూనివర్సిటీ మింగేసిందని అర్థం కాదు. పరిశోధన ఖర్చు 100 అయితే దాని పైన 50 ఇస్తారు, మొత్తం 150లో అది మూడో వంతు. పెద్ద పరికరాల కొనుగోలు వంటివాటిని ఈ లెక్కలోంచి మినహాయిస్తారు కాబట్టి నిజంగా చేతికొచ్చేది ఇంకా తక్కువ. ఆ డబ్బుతో నడిచేవి కరెంటు, ఏసీ, జంతుశాల, ప్రమాదకర వ్యర్థాల తరలింపు, ఎథిక్స్ కమిటీ, జర్నళ్ల చందాలు, కొనుగోళ్ల విభాగం. అమెరికాలో యూనివర్సిటీలు పరిపాలన కింద చూపించే భాగానికి 1991 నుంచి 26 శాతం పరిమితి ఉంది. 2025 ఫిబ్రవరిలో ఎన్‌ఐహెచ్ మొత్తం రేటునే 15 శాతానికి కుదిస్తున్నట్టు ప్రకటించింది, కోర్టు ఆపింది. అమలైతే పై లెక్కలో 150 కాస్తా 115 అయ్యేది, అంటే 23 శాతం కోత. అది పరిశోధకుడి పద్దులో కనిపించదు. వ్యర్థాల లారీ వారానికి బదులు నెలకొకసారి వచ్చినప్పుడు కనిపిస్తుంది.

ల్యాబు లోపల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆరు నెలలు ఆపి మళ్లీ మొదలుపెట్టొచ్చనుకునేవాళ్లు పొరబడేది ఇక్కడే. అణువుల నిర్మాణాన్ని తెలుసుకునే ఎన్‌ఎంఆర్ యంత్రం అయస్కాంతం ద్రవ హీలియంలో మునిగి ఉంటుంది. మామూలు మోడళ్లలో ద్రవ నైట్రోజన్ సుమారు వారానికోసారి, హీలియం కొన్ని నెలలకోసారి నింపాలి. హీలియం ఆర్డరు ఆగి మట్టం హద్దు దాటి పడిపోతే అయస్కాంతం అతివాహకత, అంటే నిరోధం లేకుండా కరెంటు పారే గుణం, కోల్పోతుంది. ఉన్న హీలియం నిమిషాల్లో ఆవిరై గదిలో ఆక్సిజన్‌ను తరిమేస్తుంది, తీగచుట్ట దెబ్బతినొచ్చు కూడా. తిరిగి లేపడానికి కంపెనీ ఇంజనీరు రావాలి, ఆ ఖర్చు ఆదా చేసిన హీలియం ధర కంటే ఎంతో ఎక్కువ. ఖరీదైన పరికరం ఏదైనా సరే, ఏడాది సర్వీస్ కాంట్రాక్ట్ దాని ధరలో సుమారు 10 శాతం ఉంటుంది. కోత రాగానే మొదట రద్దయ్యేది ఇదే. ఒకటి రెండేళ్లు ఏమీ కాదు. తర్వాత ఒక లేజరో పంపో పోతుంది, కాంట్రాక్ట్ లేకుండా మరమ్మతు ధర అడిగితే గుండె ఆగుతుంది, యంత్రం మూలన పడుతుంది, దాని మీద ఆధారపడ్డ నాలుగు గ్రాంట్లు కూడా ఆగుతాయి.

ఎలుకల వంశాలు ఇంకో రకం. ఒక తరానికి 10 నుంచి 12 వారాలు పడుతుంది. ఒక జన్యు మార్పును శుద్ధ నేపథ్యంలోకి, అంటే మిగతా జన్యువులన్నీ ఒకేలా ఉన్న ఎలుకల్లోకి, తేవాలంటే మామూలుగా పది తరాలు, రెండేళ్ల పైమాట. పంజరాల అద్దె కట్టలేక వంశాన్ని తీసేస్తే ఆ కాలం మళ్లీ మొదటి నుంచి.

దీర్ఘకాల కొలతలకైతే తిరిగి మొదలుపెట్టడం అన్నదే లేదు. హవాయిలోని మౌనా లోవా మీద గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను చార్లెస్ డేవిడ్ కీలింగ్ 1958 మార్చి నుంచి కొలుస్తూ వచ్చాడు. 1964 వసంతంలో నిధుల కోత వల్ల కొలతలు కొన్ని నెలలు ఆగాయి. ఆ గ్రాఫులో ఆ ఖాళీ ఇప్పటికీ ఉంది. ఎంత డబ్బు పోసినా 1964 ఏప్రిల్ గాలిని ఇప్పుడు కొలవలేం. నది మట్టాలు, పక్షుల లెక్కలు, పుట్టినప్పటి నుంచి అనుసరించే పిల్లల అధ్యయనాలు అన్నీ ఇలాంటివే. ఏటా కొత్త ఆవిష్కరణ చూపించలేవు కాబట్టి పోటీలో ఓడిపోతాయి.

సగంలో ఆపడం ఎంత దండగో క్లినికల్ ట్రయల్ చూస్తే తెలుస్తుంది. 400 మంది రోగులతో, నిజంగా ప్రభావం ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం 80 శాతం ఉండేలా ట్రయల్ రూపొందించారనుకోండి. 200 మంది చేరాక డబ్బు ఆగితే ఆ అవకాశం 51 శాతానికి పడుతుంది. సగం డబ్బు ఖర్చయింది, చేతికి వచ్చింది బొమ్మా బొరుసు. చేరిన 200 మంది సంగతి వేరే చెప్పాలా, మందు మధ్యలో ఆపేసినవాళ్లకు వైద్య పర్యవేక్షణ బాధ్యత అలాగే ఉంటుంది, దాని ఖర్చూ ఉంటుంది.

పెద్ద ప్రాజెక్టుల్లోనూ అంతే. టెక్సాస్‌లో 87 కిలోమీటర్ల చుట్టుకొలతతో తలపెట్టిన సూపర్‌కండక్టింగ్ సూపర్ కొలైడర్ అనే, కణాలను ఢీకొట్టించే యంత్రాన్ని 1993 అక్టోబరులో అమెరికా కాంగ్రెస్ రద్దు చేసేనాటికి సుమారు 200 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి, 23 కిలోమీటర్ల దాకా సొరంగం తవ్వారు. అంచనా 440 కోట్ల నుంచి 1,100 కోట్లు దాటింది కాబట్టి రద్దు అన్యాయమని నేననను. ఆపాలనుకుంటే తవ్వకముందు ఆపాలి.

మరమ్మతుల వాయిదా మాట కూడా చెప్పాలి. రియో డి జెనీరోలోని బ్రెజిల్ జాతీయ మ్యూజియం 1818లో స్థాపించినది. నిర్వహణకు ఏటా రావాల్సిన కొద్దిపాటి మొత్తం కూడా 2014 తర్వాత పూర్తిగా అందలేదు. అగ్నిమాపక ఏర్పాట్లతో సహా బాగుచేయడానికి 2 కోట్ల 17 లక్షల రియాళ్ల ఒప్పందం 2018 జూన్‌లో కుదిరింది. డబ్బు చేరేలోపే సెప్టెంబరు 2న మ్యూజియం కాలిపోయింది. దగ్గరి హైడ్రంట్లలో నీళ్లు లేవు. సుమారు 2 కోట్ల వస్తువులున్న సేకరణలో అత్యధిక భాగం పోయింది. మంట పుట్టింది ఒక ఏసీలోని లోపం వల్ల, కోత వల్ల కాదు. చిన్న మంట చిన్నదిగా ఆగకపోవడానికి కారణం మాత్రం వాయిదా పడ్డ మరమ్మతులే.

ఇక చదువు. స్కూలు బడ్జెట్‌లో 75 నుంచి 80 శాతం జీతాలే. ఉన్నవాళ్లను తీసేయడం కష్టం కాబట్టి 10 శాతం కోత మొత్తం మిగిలిన 20 మీద పడుతుంది, అంటే పుస్తకాలు, ల్యాబు, మరమ్మతులు, రవాణా సగానికి సగం. అది చాలకపోతే ఖాళీలు నింపడం ఆపుతారు. నియామకాల నిలుపుదల వినడానికి సౌమ్యంగా ఉంటుంది, ఎవరి ఉద్యోగమూ పోలేదుగా. కానీ ఏ పోస్టు పోవాలో నిర్ణయించేది విద్యార్థుల అవసరం కాకుండా ఎవరు ఎప్పుడు రిటైరవుతారన్న తేదీలు. ఫిజిక్స్ మాస్టారు ఈ ఏడాది రిటైరైతే ఫిజిక్స్ పోతుంది. స్పెయిన్ 2012 నుంచి కొన్నేళ్లు యూనివర్సిటీల్లో ఖాళీ అయిన పోస్టుల్లో 10 శాతమే నింపనిచ్చింది, పదిమంది వెళ్తే ఒక్కరు. డిపార్ట్‌మెంట్లలో సగటు వయసు పెరిగింది, యువకులు జర్మనీ, బ్రిటన్ దారి పట్టారు.

తరగతిలో పిల్లల సంఖ్య పెరిగితే ఏమవుతుందన్నదానికి మంచి ఆధారం అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో 1985లో మొదలైన ప్రయోగం. పిల్లలను, టీచర్లను చీటీలు వేసినట్టు యాదృచ్ఛికంగా 13 నుంచి 17 మంది ఉన్న తరగతులకు, 22 నుంచి 25 మంది ఉన్న తరగతులకు పంచారు. కిండర్‌గార్టెన్ నుంచి మూడో తరగతి దాకా చిన్న తరగతుల పిల్లలు స్పష్టంగా ముందున్నారు, పేద పిల్లలకు లాభం ఇంకా ఎక్కువ. అందుకే టీచర్లను తగ్గించక తప్పకపోతే ప్రాథమిక తరగతులను చివరికి ముట్టుకోవాలి. జరిగేది తరచుగా దీనికి తలకిందులు, పై తరగతులకు పబ్లిక్ పరీక్షలుంటాయి కాబట్టి. ఇందులో ఇంకో మెలిక ఉంది. 1996లో కాలిఫోర్నియా తరగతులను ఒక్కసారిగా చిన్నవి చేసినప్పుడు శిక్షణ లేని టీచర్లను వేలల్లో తీసుకోవాల్సి వచ్చి లాభం చాలావరకు ఆవిరైంది. డబ్బు పోవడానికీ రావడానికీ రెండింటికీ వేగం ప్రమాదమే.

యూనివర్సిటీల్లో కోత ఎక్కడికి పోతుందంటే ఫీజులోకి. ఇంగ్లండ్ బోధన గ్రాంటును బాగా తగ్గించి 2012లో ఫీజు పరిమితిని 9,000 పౌండ్లకు పెంచింది. మొదట్లో యూనివర్సిటీల ఆదాయం బాగానే కనిపించింది. తర్వాత ఆ పరిమితి 2017లో 9,250కి మాత్రమే పెరిగి 2025 దాకా అక్కడే ఉండిపోయింది, ధరలు ఉండలేదు. ఆ లోటును పరిమితి లేని విదేశీ విద్యార్థుల ఫీజులతో పూడ్చుకున్నారు. వీసా నియమాలు బిగిస్తే యూనివర్సిటీ పద్దు కదిలిపోయే స్థితి అలా వచ్చింది. ప్రభుత్వ డబ్బు తగ్గినప్పుడు ఆ ఖర్చు మాయం కాదు, ఇంకొకరి అప్పుగా మారుతుంది.

"కోత పెట్టి రెండేళ్లయింది, ఏమీ కాలేదే" అనేవాళ్లకు: ప్రయోగం నుంచి అచ్చయిన పేపర్ దాకా రెండు మూడేళ్లు పడుతుంది. కాబట్టి మొదటి రెండేళ్లు పేపర్ల సంఖ్య పాత డబ్బు ఫలితాన్నే చూపిస్తుంది. ముందుగా చూడాల్సిన సూచికలు వేరు: పీహెచ్‌డీ ప్రవేశాల సంఖ్య, పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) ప్రకటనలు, మొదటి గ్రాంటు పొందేవారి వయసు, రద్దయిన సర్వీస్ కాంట్రాక్టులు. పేపర్లు తగ్గడం నాలుగో ఏడాదికి కనిపిస్తుంది. నైపుణ్యం పోవడం పదేళ్లకు. విత్తనాల వడ్లు వండుకు తిన్న ఇంట్లో ఆ పూట అన్నం బాగానే ఉంటుంది. కోసిన 10 శాతాన్ని మూడో ఏట తిరిగి ఇచ్చినా వెళ్లిన టెక్నీషియన్ తిరిగి రాడు. పాత యంత్రాన్ని ట్యూన్ చేయడం అతని చేతికే తెలుసు, ఏ మాన్యువల్‌లోనూ లేదు.

ఇప్పుడు మీ ల్యాబుకో డిపార్ట్‌మెంటుకో కోత వచ్చేసిందనుకుందాం. అందరికీ సమానంగా 10 శాతం తగ్గించడం న్యాయంగా కనిపిస్తుంది, చాలాసార్లు అదే అధ్వానం. పది పనులు తొంభై శాతం డబ్బుతో కుంటడం కంటే ఒకదాన్ని పద్ధతిగా మూసి తొమ్మిదిని నిలపడం నయం. ఏది మూయాలో తేల్చడానికి ప్రతి ఖర్చు పక్కనా ఒక ప్రశ్న రాసుకోండి: దీన్ని ఆపితే మళ్లీ మొదలుపెట్టడానికి ఎంత కాలం పడుతుంది? "ఇది ఎంత ముఖ్యం" అని అడిగితే ప్రతివాడూ తనదే ముఖ్యమంటాడు. కాన్ఫరెన్సు ప్రయాణం రేపే మొదలుపెట్టొచ్చు. రసాయనాల కొనుగోలు నెలలో. ఎలుకల వంశం రెండేళ్లు. కొలతల వరుస ఎప్పటికీ కాదు. కోత ఆ క్రమంలోనే పోవాలి.

చేతిలో ఎన్ని నెలలున్నాయో లెక్కించేటప్పుడు అందరూ ఒకే తప్పు చేస్తారు. ఖాతాలో 60 ఉంది, నెల ఖర్చు 6, కాబట్టి పది నెలలు అంటారు. మూసేందుకు కూడా ఖర్చవుతుంది: నోటీసు కాలపు జీతాలు, చివరి ఏడాదిలో ఉన్న విద్యార్థి స్టైపెండ్, వ్యర్థాల తరలింపు, నమూనాల రవాణా. అది 18 అనుకుంటే మీకున్నది ఏడు నెలలు. ఏడో నెల దాటాక నిర్ణయం తీసుకుంటే ఆలస్యమైనట్టే. గ్రాంటు గడువును అదనపు డబ్బు లేకుండా పొడిగించే వీలుందేమో మొదటి వారంలోనే అడగండి.

ఏడాదిలోపు పూర్తిచేయగల విద్యార్థుల డబ్బు ముందు పక్కన పెట్టండి. కొత్త విద్యార్థిని తీసుకుని రెండో ఏట వదిలేయడం కంటే ఈసారి తీసుకోకపోవడం మేలు.

ల్యాబులో పెంచే కణాల వరుసలను (సెల్ లైన్లను) బాగా పెరుగుతున్న దశలోనే, గడ్డకట్టేటప్పుడు కణాలను కాపాడే డీఎంఎస్ఓ 10 శాతం ఉన్న ద్రావణంలో, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లబరిచి, ఒక రాత్రి మైనస్ 80లో ఉంచి, తర్వాత ద్రవ నైట్రోజన్‌లోకి మార్చండి. ఒక్కోదానికి కనీసం ఐదు వయల్స్ (చిన్న సీసాలు), వాటిలో రెండు వేరే భవనంలో. పెరుగుతున్న కణాలను పారేసే ముందు ఒక వయల్ కరిగించి బతుకుతున్నాయో లేదో చూడండి. చాలామంది ఇది చేయరు, రెండేళ్ల తర్వాత తెలుస్తుంది. ఎలుకల వంశాలకు వీర్యం భద్రపరచడం చవక. అయితే రెండు మూడు జన్యు మార్పులు కలిసి ఉన్న వంశమైతే, మగ ఎలుక వాటన్నిటికీ హోమోజైగస్ (ప్రతి జన్యువు రెండు ప్రతుల్లోనూ ఆ మార్పు ఉన్నది) కాకపోతే, వీర్యంలో ఆ కలయిక చెదిరిపోతుంది. అక్కడ పిండాలనే భద్రపరచాలి. మైనస్ 80 ఫ్రీజర్లను మైనస్ 70కి మారిస్తే కరెంటు సుమారు 30 శాతం తగ్గుతుంది, చాలా నమూనాలకు తేడా రాదు. సగం ఖాళీగా ఉన్న రెండింటిని ఒకటి చేస్తే ఇంకా మంచిది. ఎన్‌ఎంఆర్‌ను నడపలేమనుకుంటే హీలియం ఆవిరయ్యేదాకా ఆగకండి, తయారీదారు ఇంజనీరును పిలిచి కరెంటు క్రమంగా దించి ఆపించండి.

వెళ్లిపోయేవాళ్ల బల్లల కింద చూడండి. తెరిచిన ఈథర్, టీహెచ్‌ఎఫ్ వంటి ద్రావకాల సీసాలు నెలలు గడిచేకొద్దీ పేలగల పెరాక్సైడ్లను పోగుచేస్తాయి. మూత చుట్టూ స్ఫటికాలు కనబడితే తిప్పొద్దు, కదపొద్దు, భద్రతా విభాగాన్ని పిలవండి. డేటా విషయంలో ముప్పు వేరే రూపంలో వస్తుంది: ఉద్యోగం ముగియగానే ఈమెయిల్, క్లౌడ్ ఖాతా మూసేస్తారు. ఆఖరి రోజుకు నెల ముందే ముడి ఫైళ్లు, కోడ్, నోట్‌బుక్ స్కాన్లు ఉమ్మడి సర్వర్‌కు చేరాలి. లైసెన్స్ ఉన్న సాఫ్ట్‌వేర్‌లోనే తెరుచుకునే ఫైళ్లను మామూలు టెక్స్ట్‌గా కూడా ఎగుమతి చేసి ఉంచండి. లైసెన్స్ పునరుద్ధరణ కూడా కోతలో పోతుంది.

స్కూలు, కాలేజీ ల్యాబుల్లో ప్రాక్టికల్స్ ఆపి వీడియో చూపించే ముందు సూక్ష్మ పరిమాణంలో చేయించి చూడండి. 20 మిల్లీలీటర్ల పరీక్షనాళికలో చేసే అవక్షేప చర్యను ప్లాస్టిక్ గుంటల పలకలో ఐదారు చుక్కలతో చేయొచ్చు. రసాయనం పదో వంతు కూడా పట్టదు, వ్యర్థమూ అంతే తగ్గుతుంది, రంగు మార్పు స్పష్టంగానే కనిపిస్తుంది. టైట్రేషన్‌కు మాత్రం ఇది పూర్తిగా సరిపోదు, బ్యూరెట్ చదవడం చేత్తో నేర్చుకోవాల్సిందే. దానికి నలుగురికి ఒక బ్యూరెట్ ఇచ్చి, రీడింగు మాత్రం ప్రతి ఒక్కరూ విడిగా తీసుకునేలా చూడండి. ల్యాబ్ అటెండెంట్ పోస్టును ఖాళీగా వదలొద్దు. ద్రావణాలు కలిపిపెట్టే మనిషి లేకపోతే రసాయనాలు, పరికరాలు అన్నీ ఉండి కూడా ప్రాక్టికల్ పీరియడ్ రికార్డు రాసుకునే పీరియడ్ అయిపోతుంది.